ఏడో నంబరును దించండి!

ఫుట్‌బాల్‌లో లీగు వేరు, కప్పు వేరు. లీగులో నెలల తరబడి ఆడాలి, చివరికి బలమున్న జట్టే పైకి తేలుతుంది. కప్పులో ఉన్నది ఒక్క మ్యాచ్. ఆ ఒక్క పూట కాలం కలిసొస్తే చిన్న ఊరి జట్టు మహామహులను ఇంటికి పంపించవచ్చు. ఈ ఒక్క ఆశ మీదే, ఓటమి దాదాపు ఖాయమని తెలిసి కూడా, అభిమానులు బండి కట్టుకుని పరాయి ఊరికి పోతారు. ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనుషులు వాళ్లే.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మదనపల్లె కుర్రాళ్ల జట్టు కుప్పంలో ఒక కప్పు క్వార్టర్ ఫైనల్ ఆడింది. అవతల బెంగళూరు క్లబ్బు జట్టు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. మద్రాసు–బెంగళూరు రైలు మార్గం మీదుంది కాబట్టి వాళ్లు రెండు మూడు గంటల్లో రైలు దిగిపోతారు. మేం మాత్రం పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటుకుని పోవాలి. జట్టు తెల్లవారుజామునే ఆర్టీసీ బస్సులో వెళ్లిపోయింది. అభిమానులం మాత్రం మార్కెట్‌లో టమోటా లోడు దించేసిన ఐచర్ బండి ఎక్కాం. అడుగున గోనె పట్టాలు పరిచినా పచ్చి టమోటా వాసన పోలేదు. ఒక మూల పలకలు, ఒక మూల బొరుగుల మూట, మధ్యలో చుట్టచుట్టిన పెద్ద ఫ్లెక్సీ.

ఈ ఏర్పాట్లన్నీ చూసింది మా ఊరి పెద్దమనిషి ఒకాయన. చందాలు పోగు చేయడం దగ్గర్నుంచి బండి మాట్లాడడం దాకా అంతా ఆయనదే. పుంగనూరులో టీ అంగడాయన, ఆయనతో ఇంకో పదిమంది ఎక్కారు. ఎక్కీ ఎక్కగానే కుర్రాళ్లు పలకల మీద దరువు మొదలుపెట్టి, "పొట్టివైనా పుంగనూరు గిత్తలం, కుమ్మితే కొండలు కదలాల" అని అరిచారు. అక్కడి ఆవు జాతి పొట్టిది కదా, ఆ నినాదం దారి పొడుగునా మాకు పనికొచ్చింది.

బండిలో మా రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు కూడా ఉన్నారు. ఆయనకు ఫుట్‌బాల్ చరిత్ర అంటే ప్రాణం. పలమనేరు దాటాక పలకలు ఆగిన కాసేపట్లో ఎవరో, "బెంగళూరోళ్ల మీద మనమేం గెలుస్తాంలే సార్" అన్నారు. మాస్టారు ఆ మాట అందుకున్నారు.

"బెంగళూరోళ్లు ఈరోజు కొత్తగా ఆడతా ఉండారా? రోవర్స్ కప్పు గెల్చిన మొదటి భారతీయ జట్టే బెంగళూరు ముస్లిమ్స్, 1937లో. అది సరేలే. 1911 జులై 29న కలకత్తాలో ఏమైంది? తెల్ల సిపాయిల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ మీద మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డు ఫైనల్ ఆడింది. స్టీమర్లెక్కి, ప్రత్యేక రైళ్లెక్కి జనం వచ్చినారు. మైదానం కనపడనోళ్లకి గాలిపటాలు ఎగరేసి స్కోరు చెప్పినారు. మనోళ్లు 2-1తో గెల్చినారు!"

తర్వాత ఆయన జకార్తాకు వెళ్లారు. 1962 ఆసియా క్రీడల ఫైనల్. అంతకుముందే మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియా ఎదురుగా ఉంది. మన కోచ్ హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికే ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను క్రీడలకు రానివ్వనందుకు మన దేశానికి చెందిన క్రీడాధికారి సోంధీ అభ్యంతరం చెప్పారన్న కోపంతో స్టేడియంలోని లక్షమంది మన మీద కేకలు వేస్తున్నారు. మన జాతీయగీతాన్ని కూడా విననివ్వలేదు.

"ఆ జనగణమనకి టాగూర్ ఇంగ్లీషు అనువాదం చేసింది యాడ? 1919లో మన బీసెంట్ కాలేజీలో! మార్గరెట్ కజిన్స్ అమ్మ స్వరం రాసింది యాడ? మన మదనపల్లెలో!" అన్నారు మాస్టారు. ఆ మాటకు బండంతా చప్పట్లు.

"లక్షమంది తిడతా ఉంటే ఒక్క మూల నుంచి మాత్రం మనకి జేజేలు వినపడినాయి. ఎవురనుకుంటిరి? పాకిస్తాన్ హాకీ జట్టు! ఆ క్రీడల్లోనే హాకీ ఫైనల్లో మనల్ని ఓడించినోళ్లు. పీకే బెనర్జీ ఒక గోలు, తలకి కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోలు. 2-1తో బంగారు పతకం. ఇంకో ఏడాదన్నా తిరక్కుండానే, 1963 జూన్‌లో రహీం సాబు పోయినాడు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వి.కోట వచ్చేదాకా పలకలు మోగలేదు.

కుప్పంలో మైదానం చేరేసరికి బెంగళూరు పిల్లలు వార్మప్ చేస్తున్నారు. ఒకే రంగు ట్రాక్‌సూట్లు, వలసంచుల నిండా బంతులు, పక్కన ఫిజియో. మా పిల్లలు జామచెట్టు కింద కూర్చుని ఒకరి జెర్సీ ఒకరు సర్దుకుంటున్నారు. మా పెద్దమనిషి దిగీ దిగగానే ఫ్లెక్సీ విప్పించి, మా జట్టు బెంచీ వెనకాల వెదురు గడలకు కట్టించారు. ఇరవై అడుగుల పొడవు. "విజయీభవ" అన్న అక్షరాల చుట్టూ ఊళ్లోని దాతలు, నాయకులు ఇరవైమంది ఫొటోలు. మా బెంచీకి ఎండ తగలకుండా అది తెరలా నిలబడింది. తాళ్ల అవతల నిలుచున్న మాకు బెంచీ మీది తలలు తప్ప ఏమీ కనపడడం లేదు.

ఆట మొదలైంది. పది నిమిషాల్లో ఒక గోలు, హాఫ్ టైమ్‌కు ముందు ఇంకోటి. బెంగళూరు పిల్లలు బంతిని ఆపేవాళ్లే కాదు. ఒకడి కాలికి తగిలేలోపే అది రెండోవాడి దగ్గరికి పోయేది. మావాళ్లు దాని వెనకే పరిగెత్తి అలిసిపోయారు. అయినా మా గోలీ ఆ రోజు ప్రాణం పెట్టాడు. ఎడమవైపు మూలకు పడబోయిన బంతిని వేళ్ల కొసలతో బయటికి నెట్టినప్పుడు, బెంగళూరు కోచ్ కూడా చప్పట్లు కొట్టాడు.

మా కళ్లన్నీ బెంచీ మీదే ఉన్నాయి. అక్కడ ఏడో నంబరు జెర్సీ వేసుకుని ఒక పిల్లవాడు కూర్చున్నాడు. మదనపల్లెలో వాణ్ని ఎరగనివాళ్లు లేరు. తెల్లారగట్ల మార్కెట్‌లో టమోటా క్రేట్లు మోస్తాడు, సాయంత్రం బంతి ముట్టుకుంటే ఎవరికీ దొరకడు. ఇద్దరు ముగ్గుర్ని దాటుకుని నేరుగా గోలు ముందుకు పోతాడు. అలాంటి వాణ్ని కోచ్ దించలేదు.

"ఏడో నంబరును దించండి!" అని మొదట ఒక్కడు అరిచాడు. తర్వాత అందరూ అందుకున్నారు. పలకలు కూడా అదే దరువు వేశాయి. కోచ్ వెనక్కి తిరిగి చూడలేదు. పాతికేళ్లు కూడా దాటని కుర్రాడు, ఒక ప్రైవేటు బడిలో పీఈటీ. నిటారుగా నిలబడి మైదానం వంకే చూస్తున్నాడు.

రెండో సగంలో మా కుడివైపు ఆటగాడికి కండ పట్టేసింది. వాడు కుంటుకుంటూ బయటికి వచ్చాడు. ఇప్పుడైనా ఏడో నంబరు లేస్తాడనుకున్నాం. లేచింది ఇంకో పిల్లవాడు. వాళ్లిద్దరూ, కోచ్, ముగ్గురూ ఫ్లెక్సీ వెనకాలకు వెళ్లారు. ఎంతకీ బయటికి రాలేదు. రిఫరీ గడియారం చూసుకున్నాడు. అవతలివాళ్లు ఈలలు వేశారు. మేం పదిమందితో ఆడుతున్న ఆ కాసేపట్లోనే మూడో గోలు పడింది. అప్పుడు బయటికి వచ్చాడు కొత్త పిల్లవాడు, కాళ్లు విదిలించుకుంటూ.

"ఆడ ఏం మంతనాలు చేస్తా ఉండాడ్రా వీడు?" అని పెద్దమనిషి తాడు మీద చెయ్యి వేసి ఊగిపోయారు. "ఇది అమ్ముడుపోయిన ఆట. నాకు పొద్దున్నే అనుమానం."

ఆ మాట తాడు పొడుగునా పాకింది.

అయినా ఆట మాకొక మంచి క్షణం ఇచ్చింది. చివర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతిని మా పొట్టి బ్యాక్ తలతో కొట్టాడు. బంతి పోస్టుకు తగిలి లోపలికి పోయింది. 3-1. మేం ఎగిరాం, ఒకరినొకరు కావలించుకున్నాం. అంతవరకూ ఎవరి పక్షమూ పట్టకుండా చూస్తున్న కుప్పం జనం ఒక్కసారిగా మావైపు వచ్చేశారు. తెలుగులో, తమిళంలో, కన్నడంలో మా పిల్లల్ని ఉత్సాహపరిచారు. మాస్టారు నా భుజం పట్టుకుని, "జకార్తాలో వినపడిండేది ఇదే నాయనా" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఓడిపోతూ కూడా పరాయి ఊళ్లో అభిమానం సంపాదించడం కన్నా ఒక చిన్న జట్టుకు ఏం కావాలి?

విజిల్ మోగింది. 3-1తో ఓడిపోయాం.

చప్పట్లు కొట్టాల్సిన మావాళ్లు చప్పట్లు కొట్టలేదు. పెద్దమనిషి ముందు, వెనక పదిమంది, తాడు దాటి నేరుగా బెంచీ దగ్గరికి పోయారు. మాస్టారూ నేనూ ఏం జరుగుతుందోనని వెనకే వెళ్లాం.

"ఏమప్పా కోచూ, ఏడో నంబరును ఎందుకు దించలా?"

కోచ్ మాట్లాడలేదు.

"ఊరంతా గొంతులు పోయేట్టు అరిస్తిమి. వాడు దిగింటే ఆట మనదే. చెప్పు, బెంగళూరోళ్ల దగ్గర నీకెంత ముట్టింది?"

కుర్రాడి మొహం కమిలిపోయింది. అయినా గొంతు పెంచలేదు. బెంచీ మీది పిల్లవాడి వైపు తిరిగి, "చూపించు నాయనా" అన్నాడు.

పిల్లవాడు కాళ్లు ఇంకా వెనక్కి ముడుచుకున్నాడు. కోచ్ మోకాళ్ల మీద కూర్చుని వాడి పాదం తన తొడ మీద పెట్టుకున్నాడు. వట్టి పాదం. మడమ దగ్గర చర్మం ఊడి ఎర్రగా ఉంది. బొటనవేలి గోరు కింద రక్తం గడ్డకట్టింది.

"వీనికి పదో సైజు కావాల సార్. మా దగ్గర ఉండేది పదకొండు జతలే. అవీ పాతవి, ఆ బడినీ ఈ బడినీ అడుక్కోనొచ్చినవి. అన్నిట్లో పెద్దది ఎనిమిదో సైజు. పొద్దున వార్మప్‌లో అదే తొడుక్కోని పరిగెత్తినాడు, ఇట్లయింది. బూట్లు లేకుండా రిఫరీ లోపలికి రానీడు. ఫ్లెక్సీ వెనకాల ఏం చేసినారంటిరే, బయటికొచ్చినోని బూట్లు ఇప్పి లోపలికి పొయ్యేవానికి తొడిగినాం. బిగుతుగా ఉండి పట్టలేదు, అందుకే ఆలస్యమైంది."

ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు మాత్రం గొంతు సవరించుకున్నారు.

"1911లో మోహన్ బగాన్లో పదిమంది వట్టి కాళ్లతోనే ఆడినారు. అది ఆ కాలం. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కి పోయిన మన జట్టులోనూ కొందరు వట్టి కాళ్లతో ఆడినారు. ఆ చలిలో యుగోస్లావియా మీద 10-1తో ఓడిపోయినాం. ఆ జట్టుకీ రహీం సాబే కోచ్. ఆ దెబ్బతో మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో, బూట్లతో, అదే రహీం చేతి కింద మనోళ్లు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచినారు. పిల్లోల్ల కాళ్లకి బూట్లుండాలని ఈ దేశం ఎప్పుడో నేర్చుకునింది."

పిల్లవాడు పాదం వెనక్కి తీసుకుని, "నెక్స్టు మ్యాచ్‌కి ఆడతాలే సార్" అన్నాడు మెల్లగా. ఆ కప్పులో మాకు ఇంకో మ్యాచ్ లేదు.

అప్పుడు పుంగనూరు టీ అంగడాయన ముందుకు వచ్చాడు. దారంతా పెద్దగా నోరు విప్పని మనిషి. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, విప్పి, నా చేతికి ఇచ్చాడు. "నాకు చదువు రాదు సామీ. దేనికోసరమని అచ్చేసినారో నువ్వే గట్టిగా చదువు" అన్నాడు.

అది చందా రసీదు. ఐదు వందల రూపాయలు. పైన అచ్చులో "మదనపల్లె ఫుట్‌బాల్ క్రీడాకారుల బూట్ల కొనుగోలు నిమిత్తం" అని ఉంది. కింద, వసూలు చేసినవారి సంతకం దగ్గర, కోచ్‌ను "నీకెంత ముట్టింది?" అని అడిగిన పెద్దమనిషి సంతకం ఉంది.