ఖేడువాని మనవి: టీకా తాత్పర్య సహితం

మూలం

సారు! ఖేడువాణ్ణి, చాల యాసక్తుండె,
కోడు రాయగలను కొంత కొంత,
ఎట్లు మొదలుపెట్టుటెరిగింప వేడెద,
గైడు చేయరాద గడువు ముందు!

అవతారిక: నారాయణఖేడ్ కుర్రవాడొకడు, బీటెక్ రెండో ఏడు, సెలవులకు ఇంటికొచ్చి డాబా మీద సిగ్నలు దొరికే మూలన కూర్చుని, ముఖం ఎరగని మెంటరుకు చేసుకున్న విన్నపమిది. సందర్భం గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. 2005లో మొదలైన క్రతువు. డబ్బు గూగుల్‌ది, పని డెబియన్, కేడీఈ, వికీమీడియా వంటి ఓపెన్ సోర్స్ సంస్థలది, చెమట దరఖాస్తుదారుది. మూలం వచనంలోనే వచ్చింది. జాలిపడి ఆటవెలదిలో పెట్టాం.

దీనికి టీక రాసే అర్హత మీకెక్కడిదంటారా? మేఘసందేశానికీ రఘువంశానికీ వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది కొల్చారం. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా కొల్చారమూ ఖేడూ ఒకే మెదక్ జిల్లా. కాళిదాసుకు ఆయన, ఖేడువాడికి మేము.

సారు: సంబోధన. ఖేడ్‌లో ఇది పంతులుకూ తహసీల్దారుకూ కండక్టరుకూ సమానంగా చెల్లుతుంది. ఓపెన్ సోర్స్‌లో మాత్రం చెల్లని నాణెం. అవతలి మెంటరు ఆడమనిషి కావచ్చు, నిరుడు తనే దరఖాస్తు పెట్టిన కుర్రది కావచ్చు. అక్కడ పేరు పెట్టి పిలవడమే మర్యాద. మన నోరు తిరగదు, నిజమే. చేతులు తిరుగుతాయి కదా, టైపు చెయ్యాలి.

ఖేడువాణ్ణి: మరాఠీలో ఖేడె అంటే పల్లె. ఈ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌కు వచ్చి, ఇప్పుడు సంగారెడ్డిలో ఉంది. ఈ చరిత్రంతా మెంటరుకు అక్కర్లేదు. ఆయనకు కావలసింది నీ గడియారం: నువ్వు మేలుకునే వేళ ఆయన పడుకునే వేళా కాదా అన్నది. ఇదే జిల్లాలో కంది దగ్గర ఐఐటీ ఉంది. అక్కణ్ణుంచి తట్టినా ఖేడ్ బస్టాండు నుంచి తట్టినా కోడు దాచే రిపోజిటరీ తలుపు ఒకటే. 2022 నుంచి విద్యార్థే కానక్కర్లేదు కూడా. పద్దెనిమిదేళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాడైతే చాలు.

చాల యాసక్తుండె: ఈ సంధికి వ్యాకరణకర్త చిన్నయసూరి ఒప్పుకోడు. అది అటుంచితే, మన దిక్కు ‘ఉండె’ భూతకాలం. ‘మాకు నాలుగెకరాలు ఉండె’ అంటే ఇప్పుడు లేవని. కనుక ‘ఆసక్తి ఉండె’ అంటే ఒకప్పుడు ఉండేదని అర్థం. కుర్రవాడు తెలియక అన్నా రుషివాక్యమే. పని మామూలుగా పన్నెండు వారాలు, నడుమ ఒక మదింపు, చివర ఒకటి. ఆరో వారానికి చాలామంది ఆసక్తి ఈ క్రియాపదంలోకే దిగుతుంది.

కోడు: మంచపు కోడు కాదు, ప్రోగ్రాము. ఉపమ మాత్రం పనికొస్తుంది: ఒక్క కోడు పొట్టిదైతే మంచమంతా ఊగుతుంది.

కొంత కొంత: ఆమ్రేడితం. వినయమని కొందరు, నిజమని కొందరు. మా మతంలో ఇది దాపరికం. ఎంతొచ్చో చెప్పే చోటు పద్యంలో కాదు, ‘నా మార్పు కలుపుకోండి’ అని పంపే పుల్ రిక్వెస్టులో.

ఎట్లు మొదలుపెట్టుట: పద్యానికి ప్రాణం ఈ పాదమే, పద్యాన్ని చంపినదీ ఇదే. ఈ ప్రశ్నకు జవాబు రీడ్‌మీ అనే ఫైలులో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ ఫైలు పేరే ‘నన్ను చదువు’. ఇంతకంటే స్పష్టంగా ఏ గ్రంథమూ తన్ను తాను పిలుచుకోలేదు. అది చదవకుండా అడిగిన ప్రశ్న మెంటరుకు రోజూ వచ్చే నలభైల్లో కలిసిపోతుంది. ఆయన జీతగాడు కాడు. ఉద్యోగం ముగించుకుని, పిల్లల్ని పడుకోబెట్టి కూర్చున్న స్వచ్ఛందుడు. ‘ఫలానా ఫైల్లో ఖాళీ పేరు ఇస్తే ప్రోగ్రాం పడిపోతున్నది, కారణం ఇదనుకుంటున్న, సరిచేసి పంపిన, చూడుండ్రి’ అన్నవాడి ఉత్తరం ముందు ఆయన కళ్లు నులుముకుని మరీ కూర్చుంటాడు.

ఇక్కడ మల్లినాథుడి ప్రతిజ్ఞ గుర్తుచేసుకోవాలి. మూలం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ప్రపోజల్ అనే దరఖాస్తు రాసే విద్యలో నాకు తెలిసిన పాఠం అదొక్కటే. ‘చిన్ననాటి నుంచి కంప్యూటర్లంటే ప్రాణం’ అక్కర్లేనిది. ‘రెండో వారంలో మొత్తం పూర్తిచేస్తాను’ మూలం లేనిది. ఏ వారం ఏం చేస్తాడో, పరీక్షలు ఎప్పుడో, 90 గంటల పనా 175దా 350దా, ఇవి చాలు. ఒక మనిషి మూడు ప్రపోజళ్ల దాకా పెట్టవచ్చు. మూడింటికీ ఒకే పద్యం పంపరాదు.

గైడు చేయరాద: దీని మీద వ్యాఖ్యాతలు చీలిపోయారు. తెలంగాణవారికి ‘చేయకూడదా, చేయవచ్చు కదా’ అనే బతిమాలుడు. కోస్తా వ్యాఖ్యాత నిషేధంగా తీసుకుని ‘గడువు ముందు గైడు చేయరాదు’ అన్నాడు. రెండూ చెల్లుతాయి. చివరి వారం విన్నపాల వానలో జవాబులు నిజంగానే రావు.

గడువు: 2025లో ఏప్రిల్ 8, యూటీసీ 18 గంటలు. మనకు రాత్రి పదకొండున్నర. ‘పన్నెండింటి దాకా టైముంది’ అని ధీమాగా టీ పెట్టుకున్నవాడికి శాంతి కలుగుగాక.

తాత్పర్యం: నేను ఏమీ చేయకముందే అంతా చెప్పండి.

విశేషం: ఖేడువాడు ఈ టీక చదివి మూడు రోజులు అలిగాడు. నాలుగో నాడు విన్నపం చెరిపేసి, రీడ్‌మీ ప్రకారం ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేయబోతే మూడో మెట్టులో ఆగిపోయింది. అక్కడ సూచన పాతబడిందని తేల్చి, దిద్ది పంపాడు. పేరు పెట్టి పిలిచాడు, సారు అనలేదు. ‘ధన్యవాదాలు, కలిపేశాను’ అని తెల్లారేసరికి జవాబు. ఎంపిక సంగతి అంటారా, ఫలితాలు ఇంకా రాలేదు.