విదేశీ పోస్టింగ్‌కి పిల్లాడి ఫైలు దాచే పద్ధతి

మీది అమెరికా సైన్యంలో ఉద్యోగం. ఇంట్లో ఆటిజమో, ఉబ్బసమో, మూర్ఛో ఉన్న పిల్లాడు. చేతిలో జర్మనీకో ఒకినావాకో బదిలీ ఆర్డర్లు. ఇలాంటి కుటుంబాల కోసమే సైన్యంలో ఎక్సెప్షనల్ ఫ్యామిలీ మెంబర్ ప్రోగ్రామ్ ఉంది. అందరూ ఈఎఫ్‌ఎంపీ అంటారు. పిల్లాడికి కావలసిన వైద్యం, చదువు ఆ ఊళ్ళో దొరుకుతాయో లేదో బదిలీకి ముందే చూడటం దాని పని. అంటే బోలెడు కాగితాలు, బోలెడు అపాయింట్‌మెంట్లు. మీ తీరిక గురించి నాకు నిజంగానే బెంగ. అందుకే ఈ చిట్కాలు.

1. పేరు నమోదు చేయించకండి. సర్వీసులో ఉన్నవాళ్ళకి నమోదు తప్పనిసరే కానీ, మీ ఇంటికొచ్చి ఎవరూ చూడరు. డీడీ 2792 ఫారం డాక్టరు నింపాలి, 2792-1 స్కూలువాళ్ళు నింపాలి. రెండూ కారు డాష్‌బోర్డులో పడేయండి. అడిగితే "డాక్టరుగారు సెలవులో ఉన్నారు" అనండి. మళ్ళీ అడిగితే "స్కూలుకి సెలవులు" అనండి. ఈ రెండు సాకులతో ఒక వేసవి హాయిగా గడిచిపోతుంది. నమోదు వివరాలు ప్రమోషన్ బోర్డుల ముందుకు వెళ్ళవని ఆఫీసులో చెబుతారు. మీరు మాత్రం క్యాంటీన్‌లో పక్కవాడు చెప్పిందే నమ్మండి. ఇంకో లాభం: నమోదు లేకపోతే సైనిక కుటుంబాల ఆరోగ్య పథకమైన ట్రైకేర్‌లో ఎకో అనే అదనపు సాయానికి దరఖాస్తు పెట్టే పనే ఉండదు. ఏడాదికి 36,000 డాలర్ల దాకా వచ్చే సాయం అది. అంత డబ్బుకి ఎన్ని రసీదులు దాచాలో ఆలోచించండి.

2. ప్రయాణానికి ముందు కుటుంబం మొత్తానికీ స్క్రీనింగ్ ఉంటుంది. పిల్లాడు కునికే వేళకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మాట్లాడకపోతే నిద్రమత్తు అనుకుంటారు. తప్పుడు ప్రకటన చేస్తే సైనిక చట్టం 107వ అధికరణం కింద నేరం. కాబట్టి అబద్ధం రాయకండి, గళ్ళు ఖాళీగా వదిలేసి సంతకం మీ ఆవిడ చేత పెట్టించండి.

3. పిల్లాడి ఫైలు చేతిసంచీలో పెట్టుకోమని అందరూ చెబుతారు. బరువెందుకు? ఐఈపీ అనే స్కూలువాళ్ళ ప్రత్యేక చదువు ప్రణాళిక, ప్రిస్క్రిప్షన్లు, పిల్లాడు బొమ్మలు నొక్కి మాట్లాడే ట్యాబ్లెట్, అన్నీ వంటసామానుతో కలిపి ఓడలో వేసేయండి. వారాల తరవాత వస్తాయి. ఈలోగా వాడికి దాహమేస్తే చెప్పే దారి ఉండదు. ఏడుస్తాడు. మీరు ఆఫీసులో ఉంటారు కనుక వినిపించదు.

4. మందుల సంగతి ముందుగా ఎవరినీ అడగకండి. ఏకాగ్రత కోసం అమెరికాలో రాసే ఆడెరాల్‌లో ఆంఫెటమైన్ ఉంటుంది. ఒకినావా ఉన్న జపాన్‌లో అది నిషేధం, అమెరికా డాక్టరు చీటీ ఉన్నా చెల్లదు. విమానం దిగాక కస్టమ్స్ బల్ల దగ్గర తెలుసుకోవచ్చు.

5. జర్మనీ వెళ్ళేవాళ్ళు ఇది తప్పక పాటించండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, జర్మనీలో 230. ట్రాన్స్‌ఫార్మర్ ఇటుకంత బరువు, మోయకండి. ఎయిర్‌పోర్టులో చవకగా దొరికే అడాప్టర్ కొనండి. అది ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజిని ముట్టుకోదు. ఉబ్బసానికి మందు ఆవిరి పట్టేందుకు అమెరికా నుంచి తెచ్చిన నెబ్యులైజర్‌ని దానికి తగిలించి స్విచ్ వేయండి. ఓ క్షణం మామూలు కంటే గట్టిగా రొద చేస్తుంది, టప్పుమంటుంది, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. మాస్కు పిల్లాడి మొహం మీదే ఉంటుంది, ఆవిరి రాదు. రోజుకి మూడుసార్లు ఆవిరి పట్టే చాకిరీ ఆ దెబ్బతో వదిలిపోతుంది.

6. మూడేళ్ళలోపు పిల్లలుంటే, ఎదుగుదలలో వెనకబడ్డ పసివాళ్ళకి సైన్యం తరఫున సాయం చేసే ఈడిస్ వాళ్ళు ఇంటికొచ్చి మాటలు, నడక నేర్పిస్తామంటారు. "మా వంశంలో మగపిల్లలకి మాటలు ఆలస్యమే" అని గుమ్మంలోంచే పంపించేయండి. వయసు దాటాక వాళ్ళే రావడం మానేస్తారు.

7. బడి ఈడు పిల్లలకి రక్షణశాఖ నడిపే డోడియా స్కూళ్ళున్నాయి. కమాండ్ స్పాన్సర్‌షిప్, అంటే కుటుంబం వెంట రావడానికి సైన్యం ఇచ్చే అనుమతి, ఉన్న పిల్లలకి సీటు ఇచ్చి తీరాలి. లేనివాళ్ళకి ఖాళీ ఉంటేనే. స్క్రీనింగ్ తేలేదాకా ఆగకుండా సొంత ఖర్చుతో టిక్కెట్లు కొని కుటుంబాన్ని రప్పించుకోండి, సీటు గొడవే ఉండదు. ఒకవేళ పొరపాటున సీటు దొరికితే, పాత ఐఈపీ ఓడలో ఉందిగా, పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి చేస్తారు. మీటింగులకి పిలుస్తారు. తొలిసారి డ్యూటీ అనండి, రెండోసారి జ్వరం అనండి, మూడోసారి ఫోను ఎత్తకండి.

8. మిలిటరీ వన్‌సోర్స్‌కి ఫోన్ చేయకండి. ప్రత్యేక అవసరాలున్న కుటుంబాలకి అందులో ఉచితంగా సలహా చెప్పేవాళ్ళున్నారు. కానీ వాళ్ళు అన్నీ నోట్ చేసుకోమంటారు. పెన్ను వెతకాలి.

9. ఇవన్నీ పాటిస్తే ఫలితం ఖాయం. ఆసుపత్రిలో వాడికి కావలసిన స్పెషలిస్టు ఉండడు, బయటి డాక్టరు భాష ఆవిడకి రాదు. అప్పుడు కుటుంబాన్ని ముందే వెనక్కి పంపమని దరఖాస్తు పెట్టండి. మీరు విదేశంలోనే ఉండిపోతారు. వాళ్ళు దిగిన ఊళ్ళో థెరపీ వెయిటింగ్ లిస్టులో వాడి పేరు అట్టడుగున చేరుతుంది. క్లినిక్కుల చుట్టూ ఆవిడే తిరుగుతుంది. ఆవిడకి తీరిక దొరికి ఫోన్ చేసేసరికి మీకు అర్ధరాత్రి. పొద్దున్నే పెరేడ్ ఉందని చెప్పి పెట్టేయండి.