ల్యాప్ టైమర్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మెతుకుసీమ మల్లినాథసూరికి దొరికినట్లు ప్రతి వ్యాఖ్యాతకూ కాళిదాసు దొరకడు గనుక, ఈ టీక కారు అద్దానికి అతికించిన ల్యాప్ టైమర్ తెర మీది పద్యంతో సరిపెట్టుకొన్నది. పద్యకర్త కల్పితుడు, స్వస్థలం అచ్చంపేట. రచనాస్థలం తమిళనాట శ్రీపెరుంబుదూరు దాపున 1990లో తెరిచిన ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాకు, చుట్టు నిడివి 3.717 కి.మీ.; సందర్భం ట్రాక్ డే, అనగా రుసుము కట్టి, పందెమేమీ లేకుండా సొంత కారును ట్రాకు మీద నడుపుకొనే దినం. అంత దూరం పోనేల అంటే, హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగిన 2.835 కి.మీ. దారి ఆటోలకూ బస్సులకూ ఎప్పుడో తిరిగి దఖలు పడింది; ఇక అచ్చంపేట నుంచి మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే దారి మలుపులు ఎంత ఊరించినా, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లను ఆపేసే పులుల అడవిలో టైమర్ పెట్టడాన్ని ఏ లాక్షణికుడూ ఒప్పడు.

మూలం

2:16.8
2:14.1
2:13.2
2:15.9

ప్రతిపదార్థం

2:13.2 = రెండు నిమిషాల పదమూడు సెకన్లతో పాటు, సెకనులో రెండు పదో వంతులు, అనగా గంటకు సగటున సుమారు 100 కి.మీ. వేగం; .2 = ఆ వేగంలో కారు ఐదున్నర మీటర్లు సాగే కాలం; పాదం = ఒక చుట్టు; గణం = సెక్టారు, అనగా చుట్టును మూడుగా విడగొట్టిన భాగాల్లో ఒకటి.

తాత్పర్యం

మొదటి మూడు పాదాల్లో చోదకుడు క్రమంగా వేగం పుంజుకొని, నాలుగో పాదంలో చెడెను.

విశేషాలు

కర్తకూ ఆయన మిత్రులకూ మూడో పాదం కంఠస్థం. వ్యాఖ్యకు పనికివచ్చేది మాత్రం నాలుగోది. మూడో పాదం గణవిభజన 42.6, 47.1, 43.5 కాగా, నాలుగో దానిది 42.1, 49.0, 44.8. టైర్లు వేడెక్కి పట్టు తప్పినందువల్లే వేగం తగ్గిందని కర్త పక్షం వారు వాదిస్తారు. అది పొసగదు, టైర్లదే దోషమైతే మొదటి గణం అర సెకను తగ్గడం ఎట్లా? జరిగినదేమంటే, మొదటి సెక్టారు చివరి మలుపు ముందు బ్రేకును మునుపటి కంటే ఆలస్యంగా తొక్కడం వల్ల సెక్టారు గీత దాటేదాకా లాభం కనిపించింది. కానీ కారు మలుపు లోపలి అంచుకు చేరక వెలుపలికి జరిగింది, యాక్సిలరేటరు తొక్కే వేళ మించిపోయింది, తిన్నని దారి పొడవునా ఆ నష్టం వెంట వచ్చింది. మలుపులోకి ఎంత వేగంగా దూరాడన్న దానికంటే ఎంత వేగంతో బయటపడ్డాడన్నదే ఎక్కువ దూరం లెక్కకు వస్తుంది. మూడో గణం చెడడానికి కారణం వేరు: తెర మీద నష్టం చూపుతూ ఎర్రబడిన అంకెను చూస్తూ మలుపు తిప్పడం. ఆ అంకెను తిన్నని దారిలో ఓరకంట చూడవచ్చు; కారు ఆపి, నీళ్లు తాగుతూ చూడడం ఉత్తమం.

యంత్రం ప్రతి సెక్టారులోని ఉత్తమ కాలాన్నీ ఏరి కూర్చి 2:12.7 అనే ఆదర్శ చుట్టును చూపి ఆశ పెడుతుంది. ఇది ఎండమావి, ఎందుకంటే ఇందులోని 42.1ని కొన్నది 47.1ని చెడగొట్టుకొనే. మరుసారి బ్రేకును మూడో పాదం నాటి చోటనే తొక్కుతూ, టైరు గాలిని గాని మరి దేనిని గాని ముట్టకుండా, రెండో గణం ఒక్కదానినే నాలుగైదు చుట్లు గమనించడం ఈ టీక విధించే ప్రాయశ్చిత్తం.

పాఠాంతరం

అచ్చంపేట వాట్సాప్ గ్రూపుల్లో మూడో పాదం 2:12.8 అని ప్రచారంలో ఉన్నది. అది ఫోను ప్రతిలోని పాఠం. ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే అసలు టైమర్లు కారు ఉన్న చోటును సెకనుకు పది నుంచి పాతిక సార్లు గుర్తిస్తే, మామూలు ఫోను ఒక్కసారే గుర్తిస్తుంది. గంటకు 150 కి.మీ. వేగంతో ప్రారంభ రేఖ దాటే కారు ఆ ఒక్క సెకనులో 40 మీటర్లకు పైగా పోతుంది గనుక, రేఖ దాటిన క్షణాన్ని ఫోను లెక్కగట్టి ఊహించవలసి వస్తుంది. కర్తకు ప్రియమైనదే అయినా ఈ పాఠం అగ్రాహ్యం.