లైన్ క్లియర్ ఇచ్చాకే మాట్లాడండి

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల చేతిలో ఫోను ఉండటం మర్యాద కోసమే గాని, అవసరమై కాదు. షంటింగ్ ఇంజన్ల కూతల మీదుగా పక్క క్వార్టర్‌ని పిలిచి పెరిగిన గొంతులు మావి. నింపురాలో మా పెద్దమ్మ మనవణ్ని అన్నానికి కేకేస్తే నాలుగు వీధుల అవతల ఎవరి పిల్లలో చేతులు కడుక్కునేవారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మా తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బి.ఎన్.ఆర్. అంటే 'బి నెవర్ రెగ్యులర్' అని ఆ రోజుల్లో ఒక జోకు ఉండేది. బండి వేళకి రాకపోవచ్చు గాని, మావాళ్ల జవాబు మాత్రం ఎదుటివాడి ప్రశ్న పూర్తయ్యే లోపే వచ్చేసేది.

అలాంటి ఇంటికి శాటిలైట్ ఫోనుతో సంబంధం కలిసింది.

మా తమ్ముడు రబ్ అల్ ఖాలీ ఎడారిలో పైపులైను సర్వే క్యాంపులో చేరాడు. అక్కడ ఇసుక ఉంది, ఇంకా ఇసుక ఉంది, సెల్ టవరు లేదు. క్యాంపు మొత్తానికి థురాయా కంపెనీ శాటిలైట్ ఫోను ఒక్కటే. వారానికోసారి, శుక్రవారం సాయంత్రం, ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలు. మొదటిసారి చేసినప్పుడు మా ఫోను మీద 88216తో మొదలయ్యే పొడవాటి నంబరు పడింది. అది ఏ దేశానికీ చెందిన కోడు కాదు, ఆకాశానిది. మా అమ్మకి ఆకాశంలో తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, వాళ్లెవరూ ఫోను చేసే రకం కాదు. పైగా డిజిటల్ అరెస్టుల కథలు టీవీలో రోజూ చూస్తోంది. నంబరు చూసింది, కట్ చేసింది. మళ్లీ మోగింది. "దొంగ వెధవా, మా ఆయన రైల్వేలో చేశాడు, తెలుసా?" అని ఈసారి ఎత్తి తిట్టి మరీ కట్ చేసింది. అవతల వరసలో నిలబడ్డవాళ్లు తమ్ముణ్ని జాలిగా చూశారట.

ఆ తర్వాత క్యాంపు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, మేం వేళ కుదుర్చుకున్నాం. శాటిలైట్ ఫోనుకి ముందుగా వేళ కుదుర్చుకోక తప్పదు. యాంటెన్నా చాపి, ఆరుబయట, ఉపగ్రహం ఉన్న దిక్కు కనపడేలా పట్టుకుంటే తప్ప దాంట్లో మాట సాగదు. జేబులో పెట్టుకుంటే పలకదు. గదిలో కూర్చుంటే అసలే పలకదు. ముందు తను భూమ్మీద ఎక్కడుందో జీపీఎస్‌లో చూసుకుని, ఆ సంగతి పైకి చెప్పుకుని, అప్పుడు గాని మనవైపు తిరగదు. తమ్ముడు ఏసీ ఉన్న కంటైనరు వదిలి ఇసుకలోకి నడిచి వెళ్లి నిలబడేవాడు. "ఎక్కడున్నావురా?" అని అమ్మ అడిగితే ఫోను తెర మీదున్నది చూసి, "ఇరవై డిగ్రీలు ఉత్తరం, యాభై డిగ్రీలు తూర్పు" అన్నాడు పాపం. "ఊరి పేరు చెప్పమంటే జాతకం చెబుతాడేంటి?" అంది అమ్మ.

గొంతు సంగతి కూడా చెప్పాలి. మామూలు ల్యాండ్‌లైను గొంతుకి సెకనుకి 64 వేల బిట్లు కేటాయిస్తే, శాటిలైట్ ఫోను రెండున్నర నుంచి నాలుగు వేలతో సరిపెడుతుంది. మాట అర్థమవుతుంది గాని మనిషి ఆనవాలు పట్టలేం. తమ్ముడి గొంతు వినగానే అమ్మ జలుబని తేల్చేసి మిరియాల కషాయం చెప్పింది. ఎడారిలో మిరియాలెక్కడివని వాడు అడిగేలోపు పసుపు పాలు కూడా చెప్పింది.

అసలు గొడవంతా ఆ 'లోపు'తోనే. థురాయా ఉపగ్రహం భూమధ్యరేఖకి పైన దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట అక్కడిదాకా ఎక్కి, దిగి, మనల్ని చేరేసరికి పావు సెకను. మన జవాబు అదే దారిన పోవడానికి ఇంకో పావు. యంత్రాలు గొంతుని నలిపి మూటకట్టే వేళ కూడా కలుపుకుంటే అర సెకను దాటుతుంది. అర సెకను ఒక లెక్కా అంటారా? మా స్టేషన్ ప్లాట్‌ఫాం 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడుగైనదని చాలాకాలం మీసం తిప్పాం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి మమ్మల్ని దాటిపోయాయి, అది వేరే బాధ. ఆ ప్లాట్‌ఫాం ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివరకి వినబడటానికి మూడు సెకన్లు పడుతుంది. మూడు సెకన్లు ఓర్చుకున్న జాతి అర సెకనుకి ఓడిపోయింది. ఎందుకంటే ప్లాట్‌ఫాం మీద మనిషి దూరంగా ఉన్నట్టు కంటికి కనపడుతుంది. ఫోను చెవిలో ఉంటే వాడు పక్కనే ఉండి కావాలని మాట్లాడటం లేదనిపిస్తుంది.

"తిన్నావా?" అంది అమ్మ. చప్పుడు లేదు. "వినపడిందా? తిన్నావా అంటున్నా." అప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు దిగింది: "తిన్నా." అమ్మ వెంటనే, "ఒంట్లో బాగుందా?" రెండో ప్రశ్నకి జవాబు దిగింది: "తిన్నానన్నానుగా!" అమ్మ మావైపు తిరిగింది. "ఒంట్లో ఎలా ఉందంటే తిన్నానంటాడు. జ్వరం తలకెక్కింది." ఫోనులోకి, "డాక్టరుకి చూపించావా?" మూడో ప్రశ్న జవాబు: "బాగానే ఉంది." "డాక్టరు బాగానే ఉన్నాడట," అని అమ్మ కళ్లొత్తుకుంది.

మరదలి వంతు వచ్చింది. మేమంతా మర్యాదగా పక్కగదిలోకి వెళ్లి తలుపుకి చెవి ఆనించాం. "నేను గుర్తొస్తున్నానా?" అని అడిగింది. అర సెకను. ఆపైన ఇంకాస్త. "రావా మరి!" అన్నాడు వాడు అవతల, ఆలస్యం లేకుండానే. ఇవతల మాత్రం మరదలు అప్పటికే, "ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నా ఇది?" అనేసింది. ఇంజనీర్లు అర సెకను కలిపి లెక్కగడతారు. సంసారంలో అది పొరుగింటి దాకా పోయే సంగతి.

ఇక మా నాన్న. ఆయన ఖరగ్‌పూర్ డివిజన్ కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఎవరి మాటా సాగనివ్వని ఈ గోలలో ఆయన నోరు విప్పడం అరుదు. ఆ శుక్రవారం విప్పారు. "అందరూ ఆగండి. ఒకే సెక్షన్లో రెండు బళ్లు పెడుతున్నారు."

కంట్రోల్ ఫోను గురించి తెలియనివాళ్లకి: ఒకటే తీగ మీద జక్‌పూర్, మద్‌పూర్, శ్యామ్‌చక్, బాలీచక్, ఇలా స్టేషన్లన్నీ వేలాడుతుంటాయి. ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది. ఇద్దరు మాట్లాడితే ఎవరికీ వినపడదు. మీట నొక్కాలి, స్టేషన్ పేరు చెప్పాలి, విషయం చెప్పాలి, వదిలెయ్యాలి. నాన్న జీవితమంతా ఆ తీగ మీదే గడిచింది. ఎదుటివాడి మాట పూర్తిగా వచ్చేదాకా నోరు మూసుకునే విద్య మా వీధి మొత్తంలో ఆయన ఒక్కరికే వచ్చు.

నియమాలు పెట్టారు. రెండు స్టేషన్ల మధ్య ఒకే బండి ఉండాలి. అంటే ఒక మాట బయల్దేరితే అది అవతల చేరి, అక్కణ్నించి జవాబు వచ్చేదాకా రెండో మాట కదలకూడదు. బండి పూర్తిగా వచ్చిందని స్టేషన్ మాస్టరుకి ఎలా తెలుస్తుంది? చివరి పెట్టె వెనక ఎల్.వి. (లాస్ట్ వెహికల్) బోర్డు చూసి. మాటకి కూడా అలాంటిది ఒకటుండాలి గనక చివర 'ఓవర్' అనాలి. ఓవర్ వినపడకపోతే బండిలో సగం దారిలోనే తెగిపోయిందని అర్థం, మళ్లీ అడగాలి. ముఖ్యమైన మాటకి ప్రైవేట్ నంబరు ఇచ్చుకోవాలని కూడా అన్నారు. లైన్ క్లియర్‌కి, అంటే బండి పంపొచ్చన్న అనుమతికి, స్టేషన్ మాస్టర్లు చెప్పుకునే రెండంకెల గుర్తు అది.

మరుసటి శుక్రవారం అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని, "తిన్నావా, ప్రైవేట్ నంబరు నలభై రెండు, ఓవర్," అంది. ఎడారిలో కాసేపు నిశ్శబ్దం. అది ఉపగ్రహం తప్పు కాదు. "నాన్న పెట్టాడా ఈ రూల్సు? ఓవర్," అన్నాడు తమ్ముడు. నాన్న పాత నోటు పుస్తకంలో ప్రశ్న బయల్దేరిన వేళ, జవాబు చేరిన వేళ రాసుకుంటూ తల ఊపారు. ఆ రోజు మొట్టమొదటిసారి వాడి జీతమెంతో, సెలవెప్పుడో, జలుబు లేదన్న సంగతీ, అన్నీ సవ్యంగా తెలిశాయి. అమ్మకి మాత్రం తృప్తి లేదు. "ఇది మాటలా? గూడ్సు బండికి సామాను ఎక్కించినట్టుంది. మధ్యలో అడ్డం పడకపోతే వాడు నా కొడుకని వాడికెలా తెలుస్తుంది?"

నాన్న ఈ విద్య మీద మరీ మక్కువ పెంచుకున్నారు. ఇరిడియం అనే ఇంకో కంపెనీ సంగతి నేనే చెప్పాను. దాని ఉపగ్రహాలు 780 కిలోమీటర్ల ఎత్తునే, 66 ఉన్నాయి, భూమిని చుట్టి రావడానికి ఒక్కోదానికి వంద నిమిషాలు. దగ్గరగా ఉంటాయి గనక ఆలస్యం తక్కువ. అయితే తలమీది నుంచి పరుగెడుతుంటాయి, ఒకటి కనుమరుగయ్యే లోపు ఇంకోటి కాల్‌ని అందుకోవాలి. 1998 నవంబరులో ఆర్భాటంగా మొదలై, 1999 ఆగస్టుకల్లా దివాలా కోర్టుకెక్కి, చేతులు మారి బతికింది. ఆయన దివాలా గురించి పట్టించుకోలేదు. 2009 ఫిబ్రవరి 10న ఒక ఇరిడియం ఉపగ్రహం, పనిచెయ్యని రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251, సైబీరియా పైన ఢీకొని ముక్కలయ్యాయని చెప్పినప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచారు. "లైన్ క్లియర్ ఎవడిచ్చాడురా?" ఎవరూ ఇవ్వలేదన్నాను. "ఇన్‌క్వైరీ?" అన్నారు. ఆయన లెక్కలో అది ఇంకా తేలని కేసు.

రైల్వే ఇంజన్లు కూడా ఇప్పుడు ఇస్రో సాయంతో ఉపగ్రహానికి తామెక్కడున్నదీ చెప్పుకుంటున్నాయి, ముప్ఫై సెకన్లకోసారి. దాన్ని ఆర్.టి.ఐ.ఎస్. అంటారు. మరదలు ఆ మాట విని, "ఇంజన్లు నయం," అంది.

సెలవుకొస్తూ క్యాంపువాళ్లు పారేసే పాత థురాయా సెట్టు నాన్నకి బహుమతిగా తెస్తానన్నాడు తమ్ముడు. నాన్న ముఖం వెలిగింది. వెలిగి, అలవాటు ప్రకారం, "రూల్ ఏముంది?" అని అడిగారు. రూల్ ఉంది, గట్టిదే. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా థురాయా, ఇరిడియం ఫోన్లు దగ్గరుంచుకోవడం నేరం. 2008లో ముంబయి మీద దాడి చేసినవాళ్ల చేతుల్లో శాటిలైట్ ఫోను ఉన్నాక ఈ పట్టు ఇంకా బిగిసింది. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులు విమానాశ్రయాల్లో పోలీసుల పాలైన సంగతులు పేపర్లో పడుతూనే ఉంటాయి. అనుమతితో కావాలంటే బి.ఎస్.ఎన్.ఎల్. ఉంది. ఇన్మార్‌శాట్ ఉపగ్రహాలతో, ఘాజియాబాద్‌లో గేట్‌వే పెట్టి 2017లో ఈ సేవ మొదలుపెట్టింది. తుపాన్లలో టవర్లు మూగబోయినప్పుడు అధికారుల చేతుల్లో పలికేవి ఇలాంటివే. పైగా మా ఊరి పక్కనే కలైకుండ వైమానిక స్థావరం. యాంటెన్నా చాపి డాబా మీద ఆకాశంలోకి చూస్తూ నాన్న 'ఓవర్' అంటుంటే, జవాబు ఉపగ్రహం కన్నా ముందు జీపులో వచ్చేది. సెట్టు వద్దన్నారు. నోటు పుస్తకం మాత్రం దాచుకున్నారు.

మీవాళ్లెవరైనా ఎడారిలోనో నడిసముద్రం మీదో ఉంటే 88216, 8816, 870 అంకెలతో మొదలయ్యే కాల్ రావచ్చు. ముందే వేళ అనుకుని ఉంచుకోండి, ఎత్తగానే తిట్టకండి. మీరు ఎదురుచూడని వేళ వస్తే మాత్రం తిరిగి చెయ్యకండి, మన వైపు నుంచి ఆ నంబర్లకి నిమిషం చాలా ఖరీదు. సెలవుకి వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారని అడిగితే ఖర్జూరాలు చెప్పండి, ఫోను వద్దనండి.