పూజారి వరం

1999. వై2కే పనులతో నిద్ర కరువైన రోజులు. గది కాచిగూడ స్టేషన్ దగ్గర, ఆఫీసు అబిడ్స్‌లో. జీతాలు, బిల్లులు అన్నీ ఐబీఎం ఏఎస్/400 మీదే నడిచేవి. ప్రింట్లు ఇరుక్కున్నప్పుడల్లా నైట్ డ్యూటీ కుర్రాడు మా ఇంటి ఓనరు ఫోనుకి చేసేవాడు. అర్ధరాత్రి ఆయన తలుపు బాదుతుంటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

ఆ బాధ పడలేక చిన్న సీఎల్ ప్రోగ్రాం రాశాను. దాని ఓనరు క్యూసెకాఫర్, అంటే ఆ మిషన్‌లో సర్వాధికారి. 'స్టార్ యూజర్' ఉండాల్సిన చోట 'స్టార్ ఓనర్' పెట్టాను. అలా పెడితే ఎవరు నడిపినా సరే, ప్రోగ్రాం ముగిసేదాకా ఓనరు అధికారం వాళ్లకు అరువొస్తుంది. దాన్నుంచి పిలిచిన ప్రోగ్రాములకూ పాకుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారే దేవుణ్ణి అడక్కుండా పంచేస్తాడు. లోపల పెట్టింది ఒక్కటే, స్పూల్ ఫైళ్ల స్క్రీన్. ప్రింట్లు చూసుకుంటాడు, అంతేగా అనుకున్నాను.

ఆ స్క్రీన్ అడుగున బాణం గుర్తు, పక్కన ఖాళీ గీత. అక్కడ కమాండ్ ఏదైనా కొట్టొచ్చు. నేను రోజూ కొట్టే గీతే.

మూణ్ణెల్లకి కుర్రాడే వచ్చాడు. "సార్, మెయిన్ మెనూ నుంచి జీతాల ఫైల్ చూడబోతే నాట్ ఆథరైజ్డ్ అంటోంది. ప్రింట్ల స్క్రీన్‌లో కొడితే తెరుచుకుంటోంది. ఎందుకు సార్?"

"అసలెందుకు కొట్టావ్?" అని కసిరాను. నీ ప్రొఫైల్లోనే ఏదో తేడా ఉందన్నాను. రెండ్రోజులు అతని ప్రొఫైల్ తవ్వాను. ఉంటేగా! అరువు అధికారం ప్రొఫైల్లో కనపడదు. పైగా, కుర్రాడు ఏదో కెలుకుతున్నాడని మేనేజరు చెవిన కూడా వేశాను. మిగతాదంతా తెలివితక్కువతనమే. ఇది మాత్రం కాదు.

మూడో రాత్రి, క్యూసెకాఫర్ అధికారాన్ని వాడుకుంటున్న ప్రోగ్రాముల జాబితా తీశాను. అందులో నా లైబ్రరీ, నా ప్రోగ్రాం. పక్కన నేనే రాసుకున్న వివరణ: 'టెంపరరీ'.

ప్రింట్ల మీద తప్ప దేనిమీదా అధికారం లేని, పాస్‌వర్డే లేని ప్రొఫైల్ ఒకటి సృష్టించి ప్రోగ్రాంని దాని పేరున మార్చాను. ఎవరికీ చెప్పలేదు.

వారం తర్వాత స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కలిశాడు. "ఇప్పుడు ఎక్కణ్ణుంచీ తెరుచుకోవట్లేదు సార్. నా ప్రొఫైల్ బాగైనట్టేనా?"

"బాగైంది" అన్నాను. చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను.