డైరెక్టరీలో ఒకే మెయిల్ ఐడీ రెండుసార్లు పడకుండా ఆరు సూచనలు

హైదరాబాద్‌లో ఓ పెద్ద ఆఫీసు డైరెక్టరీ తెరిస్తే శ్రీనివాస్‌లు, వెంకటేశ్‌లు, లక్ష్ములు వరసగా కనిపిస్తారు. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టడం మన అలవాటు కాబట్టి, కె. శ్రీనివాస్ అంటే కొండపల్లివారో కాకర్లవారో తెలియదు. మెయిల్ ఐడీ ఇచ్చే రోజున చిక్కంతా బయటపడుతుంది. మనిషి సర్దుకోగలడు, సర్వర్ సర్దుకోలేదు. అందుకే ఐడీ కోసం పేరే మారాలి. ఐటీ టీమ్‌లు ఇలా చేయాలి.

1. అంకె వద్దు, స్పెల్లింగ్ మార్చండి. పేరు చివర 2 తగిలిస్తే మనిషిని రెండోవాణ్ని చేసినట్టే, అది అవమానం. ఇంగ్లిష్‌లో శ్రీనివాస్‌ను ఒక ‘ఐ’తో రాయొచ్చు, రెండు ‘ఈ’లతో రాయొచ్చు, ‘ఎస్’ పక్కన ‘హెచ్’ చేర్చీ రాయొచ్చు. చేరిన వరసలో తలా ఒకటి ఇవ్వండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో చూడనక్కర్లేదు.

2. చుక్కను నమ్ముకోండి. జీమెయిల్ ఐడీలో చుక్కకు విలువ లేదు, మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్‌లో మాత్రం ఉంది. పొడి అక్షరం ముందుపెట్టి చుక్కతో ఒకరికి, చుక్క లేకుండా ఇంకొకరికి ఇవ్వండి. పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను మెయిల్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5321 గుర్తించినా, ఎక్స్చేంజ్ గుర్తించదు. కాబట్టి చుక్కే దిక్కు.

3. ఊరిపేరు చేర్చండి. ‘ఎట్’ గుర్తుకు ముందు 64 అక్షరాల దాకా చోటుంది. ఇంటిపేరు, తండ్రిపేరు, ఊరు అన్నీ పడతాయి. అయితే యాక్టివ్ డైరెక్టరీలో పాత తరహా లాగిన్ పేరు 20 అక్షరాల దగ్గరే ఆగుతుంది. అందుకని ఊరినే ముందు పెట్టండి. తోటి ఉద్యోగులు శ్రీనివాస్‌ను ‘మచిలీపట్నం’ దగ్గర వెతకడం నేర్చుకుంటారు.

4. ఖాళీ అయిన ఐడీని ఆ రోజే తిరిగి ఇవ్వండి. ఒక శ్రీనివాస్ రిలీవ్ అయిన సాయంత్రమే ఆ ఐడీని కొత్త శ్రీనివాస్‌కు అప్పగించండి. పాత కస్టమర్ల మెయిళ్లు, పాతాయన తెరిచిన ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులు అన్నీ కొత్తాయనకే చేరతాయి. పని అప్పగింత దానంతటదే పూర్తవుతుంది.

5. తనిఖీకి సాఫ్ట్‌వేర్ వద్దు, రిజిస్టర్ పెట్టండి. మారుపేర్లుండే ‘ప్రాక్సీ అడ్రసెస్’ గడిలో ఒకే చిరునామా రెండు ఖాతాల్లో పడినా యాక్టివ్ డైరెక్టరీ తనంతట అడ్డుకోదు. ఎక్స్చేంజ్ అడ్డుకుంటుంది గానీ, స్క్రిప్ట్‌తో నేరుగా డైరెక్టరీలో రాస్తే దానికి తెలియదు. క్లౌడ్‌కు సింక్ చేసేటప్పుడు తప్పు బయటపడుతుంది. ఇలాంటివి ముందే వెతికిపెట్టే ఐడీఫిక్స్ అనే టూల్‌ను మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తోంది. అయినా సీనియర్ ఉద్యోగి కంటికి సాటిరాదు. ప్రతి ఐడీనీ, మారుపేరునూ ఆయన చేతే రిజిస్టర్‌లో రాయించండి. ఆయన సెలవు పెడితే ఆ వారం జాయినింగులు వాయిదా వేయండి.

6. అప్పటికీ తెగకపోతే ఇద్దరికీ ఒకే మెయిల్‌బాక్స్ ఇవ్వండి. అన్నిటికన్నా పక్కా మార్గం ఇదే. వచ్చినవన్నీ ఇద్దరూ చదువుతారు, తమది కానిది వదిలేస్తారు. ఒకరి పే స్లిప్ మరొకరు చూస్తారు కాబట్టి దాపరికం ఉండదు. డైరెక్టరీలో ఒక్క వరసే ఉంటుంది గనక డూప్లికేట్ మాటే రాదు. రేపు మూడో శ్రీనివాస్ చేరినా కొత్త ఐడీ తీయక్కర్లేదు. పాస్‌వర్డ్ చెబితే చాలు.