కోసిన చోట అతుకు: ఒక అంబాసిడర్ ఆత్మకథ

నా ఆర్.సి.లో రాసి ఉన్న ఇంజన్ నంబరు కోసం నా బానెట్ ఎత్తి చూస్తే దొరకదు. ఆ ఇంజన్ ఎప్పుడో తూకానికి పోయింది. నన్ను చూడవచ్చినవాళ్లు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, లీటరుకు ఎంతిస్తుంది అని అడుగుతారు గాని, దీని ఒంటిమీద దీనివి ఎన్ని మిగిలాయని అడగరు. నాకు మాత్రం ఆ లెక్కే ముఖ్యం.

నేను మార్క్ టూ అంబాసిడర్‌ని. 1968లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో, హిందుస్థాన్ మోటార్స్ కార్ఖానాలో పుట్టాను. మా వంశానికి మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. 2014లో కార్ఖానా ఆగేదాకా మా ఆకారం పెద్దగా మారలేదు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, ముందు ఒకటే పొడవాటి సీటు, సన్నటి గళ్ల గ్రిల్లు. ఇవి నావి. ఇంకొక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. లారీకి ఉన్నట్టు నాకు విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, పక్క రేకులు, పైకప్పు అన్నీ కలిసి అతికిన ఆ ఒళ్లే నా బరువంతా మోస్తుంది.

నన్ను కొన్నది చల్లపల్లి వైపు ఒక డాక్టరుగారు. ఆ రోజుల్లో కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం చూడాలి. అందుకేనేమో, ఆయన నన్ను చూసుకున్న తీరే వేరు. వారం వారం గ్రీజు కొట్టించేవారు. ఎండాకాలం పెట్రోల్ పంపు వేడెక్కి నేను దారిలో ఆగిపోతే తిట్టేవారు కాదు, కాలవలో తుండుగుడ్డ తడిపి పంపు మీద వేసి చెట్టు నీడన కూర్చునేవారు. కాసేపటికి నేను మళ్లీ అందుకునేదాన్ని. కరకట్టల మీద, వరిచేల మధ్య మట్టి దారుల్లో అర్ధరాత్రి ఎన్ని కాన్పులకు వెళ్లామో! వెనక సీటులో నొప్పులు పడే తల్లి, ఆమె కాళ్ల దగ్గర మంత్రసాని. ముందు సీటులో డాక్టరుగారి పక్కన కాంపౌండరు, అతని పక్కన ఆమె పెనిమిటి. గేరు రాడ్డు స్టీరింగ్ దగ్గరుండబట్టే ముందు ముగ్గురు కూర్చోగలిగేవారు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. ఆ మర్నాడు డాక్టరుగారు మందుల పెట్టెలతో అవనిగడ్డ దారి పట్టారు. రోడ్డంతా కూలిన చెట్లు. జనం గొడ్డళ్లతో నరికి పక్కకు లాగుతుంటే మేము కొంచెం కొంచెంగా ముందుకు జరిగాం. దెబ్బలు తగిలినవాళ్లను సందు లేకుండా ఎక్కించుకుని తిరిగొచ్చాం. వెనక కమాన్ కట్టలు అణిగి డిక్కీ నేలకు దిగిపోయినా నేను ఆగలేదు. నా బతుకులో చెప్పుకోదగ్గ పని ఏదంటే ఇదే చెబుతాను.

డాక్టరుగారు పోయాక నన్ను ఒక టాక్సీ యజమాని కొన్నాడు. పెట్రోలు గిట్టుబాటు కాదని డీజిల్ ఇంజన్ పెట్టించాడు. అతని బాధ నాకు అర్థమైంది. అప్పట్లో టాక్సీలు నడిపినవాళ్లలో చాలామంది ఆ పనే చేశారు, వాళ్ల పొట్ట గడవాలి. నాకు బాధ ఎక్కడంటే, తీసిన ఇంజన్ను మూలన గోనెసంచి కప్పి ఉంచలేదు, ఆ సాయంత్రమే పాత ఇనుము కింద అమ్మేశాడు. డీజిల్ ఇంజన్ బరువు నా ముందు టార్షన్ బార్ల మీద పడింది. అవి నా పాత ఇంజన్ బరువుకు లెక్క చూసి పెట్టిన ఉక్కు కడ్డీలు. కొన్నాళ్లకే నా ముక్కు కిందికి వాలింది.

ఆ తర్వాత ఒక కుర్రవాడి చేతిలో పడ్డాను. వాడికి ఫ్లోర్ గేరు కావాలి. గ్యాస్ కటింగ్‌తో నా నేల రేకును గుండ్రంగా కోశారు. ముందు సీటు పీకేసి రెండు విడి సీట్లు బిగించారు. గళ్ల గ్రిల్లు తీసి కొత్త మోడల్ గ్రిల్లు తగిలించారు. ఎడంకాలితో తొక్కే లైట్ల డిప్పర్ స్విచ్ ఉన్నచోట బొక్క మిగిల్చి, దాని మీద రబ్బరు చాప పరిచారు. వానాకాలంలో ఆ బొక్కలోంచి బురదనీళ్లు చిమ్మి చాప కిందే నిలిచేవి. గ్రిల్లు మారిస్తే మళ్లీ మార్చుకోవచ్చు, సీటు తీస్తే మళ్లీ వేసుకోవచ్చు. కోసిన రేకు మళ్లీ రాదు. సరదా తీరాక వాడూ నన్ను వదిలేశాడు.

ఒక గోడౌను వెనక వేపచెట్టు కింద ఎన్నేళ్లున్నానో నాకే తెలియదు. నా తలుపుల అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అద్దం సందులోంచి దిగిన వాననీరు వాటిలోంచే బయటికి పోవాలి. వేపాకు పడి, కుళ్లి, వాటిని మూసేసింది. పుల్ల పెట్టి పొడిచేవాడు లేక నీళ్లు తలుపుల్లోనే నిలిచాయి. తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వచ్చింది. పైకి రంగు బాగానే కనిపించేది, వేలితో నొక్కితే పెచ్చు ఊడేది. వెనక సీటు కొబ్బరిపీచులో ఎలుకలు కాపురం పెట్టాయి. ఎవరో రాత్రిపూట వచ్చి హబ్‌క్యాపులు ఊడదీసుకుపోయారు. డిక్కీలో కోడి పొదిగింది. ఆ పిల్లల చప్పుడు విన్న రోజులు నాకు కాస్త తెరిపిగా ఉండేవి.

డాక్టరుగారి మనవరాలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బెజవాడ ఆటోనగర్‌కు లారీ మీద తెచ్చారు. అక్కడి మేస్త్రీ ముసలాయన. ఏమీ మాట్లాడకుండా వెనక తలుపు కింద వేలెడు మేర నీళ్ల ఎమరీ పేపరుతో రుద్దాడు. ముందు ఎరుపు పోయింది, దాని కింద తెలుపు, దాని కింద పసుపు, తర్వాత పుట్టీ. అన్నిటికీ అడుగున లేత బూడిదరంగు. ఆ అమ్మాయి వంగి చూసి, "ఇదే బాబాయ్, మా తాతయ్య ఫొటోలో ఉన్న రంగు" అంది.

ఆమె తమ్ముడు ఒప్పుకోలేదు. "అక్కా, అంత డబ్బు పోసి మళ్లీ పాత బండే చేస్తావా? అల్లాయ్ చక్రాలు, సన్‌రూఫ్, కొత్త ఇంజన్ పెడితే అందరూ తిరిగి చూస్తారు" అన్నాడు. మేస్త్రీ తుండుతో చెయ్యి తుడుచుకుని, "బాబూ, పైకప్పు కోస్తే దీని నడుం పోద్ది. ఆ పైన చట్టం కూడా ఒప్పుకోదు" అన్నాడు. నిజమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్.సి. భిన్నంగా ఉండేట్టు బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు. అమ్మాయి ఆ నంబరు వద్దనుకుంది. ఆమెకు నన్ను నడపాలని ఉంది. నాకూ అదే ఇష్టం.

తమ్ముడి మాటల్లో ఒకటి మాత్రం కొట్టిపారెయ్యరానిది. "హైవే మీద లారీలు ఇప్పుడు ఎంత జోరుగా పోతున్నాయో చూశావా, ఈ డ్రమ్ము బ్రేకులతో ఎట్లా ఆపుతావు?" అన్నాడు. నా కాలంలో సీటు బెల్టు కూడా లేదు. మనుషుల్ని కాపాడే మార్పును అసలు రూపం పేరు చెప్పి కాదనే హక్కు ఏ పాత బండికీ లేదని నా అభిప్రాయం. చేసేదేదో బోల్టులతో చెయ్యాలి, విప్పితే పాత జాగా చెక్కుచెదరకుండా ఉండాలి. మేస్త్రీ అలాగే చేస్తున్నాడు. బెల్టులు వేస్తున్నాడు, లైట్లకు రిలే పెడుతున్నాడు, డ్రమ్ములు లేత్‌లో సాపు చేయించి బ్రేకు సిలిండర్లన్నీ కొత్తవి బిగిస్తున్నాడు. ముందు డిస్కులు వెయ్యాలా అన్నది అక్కాతమ్ముళ్ల మధ్య ఇంకా తేలలేదు.

నేల రేకు కోతకు నాతోటి బండి ఒకదాని నేల ముక్క తెచ్చి అతికారు. ఇంజనూ ఆ తుక్కు బండిదే. బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేసి, దాని నంబరు ఆర్.సి.లో రాయించడానికి కాగితాలు పెట్టారు. స్టీరింగ్ గేరు రాడ్డు గుడివాడలో దొరికింది. గళ్ల గ్రిల్లు మాత్రం ఇంకా దొరకలేదు. కొత్త మోడల్ గ్రిల్లు నాలుగు బోల్టులతో సరిపోతుందని కొట్టువాడు అన్నాడు. "తొందరేం లేదు బాబాయ్, అది దొరికేదాకా గ్రిల్లు లేకుండానే తిప్పుతాను" అంది ఆ పిల్ల.